మూడో కొబ్బరికాయ

సోమవారం పొద్దున సుమన ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి రెంజల్‌లో నలుగురు పిల్లలను ఎక్కించుకుని, తొమ్మిదిలోపు బోధన్‌లో బడి గేటు ముందు దించాలి. కొత్త ఎలక్ట్రిక్ ఆటో, మొదటి రోజు. టైముకు వస్తే ఏడాదంతా ఈ ట్రిప్పు నీదేనని బడి పెద్ద మేడం ప్రమీలమ్మ మాటిచ్చింది. రాకపోతే వేరే ఆటో చూసుకుంటానని కూడా అంతే మర్యాదగా చెప్పింది.

సుమన అత్త ఈరవ్వకు ఈ ప్లాను నచ్చింది గానీ, అందులో కొబ్బరికాయ లేకపోవడం నచ్చలేదు.

"ఇంజన్ యాడున్నది పిల్లా?"

"ఇంజన్ లేదత్తా, మోటరు. ఎన్క సీటు కింద."

"అయితే సీటు లేపు. మొక్కేది టైర్లకు కాదు, బండిని గుంజుకపోయేటోనికి."

ఇంట్లో ట్రాక్టరుకు ఏటా దసరాకు బానెట్ ఎత్తి మరీ కొట్టిన చెయ్యి అది. ట్రాక్టరు ఏనాడూ ఏమీ అనలేదు. ఈరవ్వ పసుపు పూసి, కుంకుమ పెట్టి, మోటరు మీదనే కాయ కొట్టింది. నీళ్లన్నీ వైర్ల మధ్యకు జారాయి. ఎందుకైనా మంచిదని ఇంకో కాయ సంచిలో వేసుకుని తానూ ఆటో ఎక్కింది.

పిల్లలను ఎక్కించుకుని రెండు కిలోమీటర్లు పోయాక ఆటో ఒక కుదుపు కుదిపి ఆగింది. తాళం తిప్పితే వంద గజాలు పోయి మళ్లీ ఆగింది. చెరుకు ట్రాక్టరు మీద పోతున్న కాశయ్య దిగి వచ్చాడు.

"బండి మస్తుగున్నది. బ్యాటరీ ఖతమైనట్టున్నది."

"తొంబై శాతం ఉన్నదన్నా."

"అయితే మోటరు కాలింది," అన్నాడు కాశయ్య. సలహాల దగ్గర అతనికి పిసినారితనం లేదు.

మోటరు కాలితే ట్రిప్పు పోయినట్టే. సుమన బోధన్‌లో ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేసే భానుప్రసాద్‌కు ఫోన్ చేయడానికి పక్కకు వెళ్లింది. అంతలో ఈరవ్వ ఒక నిర్ణయానికి వచ్చింది. బండి మస్తుగున్నదని అన్నది ఎవరు? కాశయ్య. ఇది కచ్చితంగా దిష్టే. అతణ్ని పంపించేసి, పిల్లలను దింపి, సీటెత్తి, రెండో కాయ కొట్టింది. దాంతో ఆటో అంగుళం కూడా కదలడం మానేసింది.

పావుగంటలో భానుప్రసాద్ బైకు మీద వచ్చి, బండి లోపలి లెక్కలు చూపించే తన మీటరు తగిలించి చూశాడు.

"అక్కా, బండి నిలబడ్డదా, నడుస్తున్నదా?"

"నీకు కనబడ్తలేదా అన్నా?"

"నాకు కనబడ్తున్నది. గిది మాత్రం మోటరు డెబ్బై ఆంపులు గుంజుతున్నదంటున్నది. నిలబడ్డ బండి సున్నా సూపియ్యాలె."

మోటరూ బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది. మోటరుకు ఎంత కరెంటు పోతోందో కొలిచే చిన్న సెన్సరే అబద్ధం చెబుతోంది. దాని మాట నమ్మి, మోటరు కాలుతుందేమోనని బండి తనంతట తానే ఆగిపోతోంది. భానుప్రసాద్ ఆ సెన్సరు ప్లగ్గు పీకాడు. లోపల తడి, కుంకుమ, ఒక కొబ్బరి ముక్క.

"అవ్వా, గిండ్ల ఏం పోసినవ్?"

"పొయ్యలే బిడ్డా, మొక్కిన."

అతను నవ్వు ఆపుకుంటూ తుడిచి, తడి పోయే స్ప్రే కొట్టి, ఆరబెట్టి ప్లగ్గు పెట్టాడు. మీటరు సున్నాకు వచ్చింది. ఈరవ్వ మొహం మాత్రం చిన్నబోయింది.

"నీ బండిని నా చేతులతోనే ఆపిన బిడ్డా."

సుమనకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా జాలి వేసింది. "ఎక్కత్తా, టైమైతున్నది," అంది.

తొమ్మిదికి రెండు నిమిషాల ముందు ఆటో బడి గేటు చేరింది. పిల్లలు దిగారు. ఎదురుగా ప్రమీలమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. చేతిలో హారతి పళ్లెం, అందులో పెద్ద కొబ్బరికాయ.

"టైముకొచ్చావమ్మా, సంతోషం. మొదటి రోజు కదా, ఇంజను మీదే కొడదాం. ఆ సీటు కాస్త ఎత్తు."

కాదంటే మేడంకు కోపం, సరేనంటే మళ్లీ డెబ్బై ఆంపులు. వెనక సీటు మీద కూర్చున్న ఈరవ్వ ఇంకాస్త గట్టిగా సర్దుకుని కూర్చుంది.

"ముంగటి టైరుకు కొట్టుర్రి మేడం. లోపలోనికి ఇయ్యాల ఒక్కపొద్దు."

"అయ్యో, అలాగా," అని ప్రమీలమ్మ భక్తిగా వెనక్కి తగ్గి, టైరు ముందే కాయ కొట్టి, రేపటి నుంచి రోజూ రమ్మంది.

ఆ రోజు మొదలు ఆ మోటరుకు వారంలో ఏడు రోజులూ ఉపవాసమే.