పన్నెండో చావులో నవ్వు

సినిమా కోసం చచ్చిపడిన నటుడు షాట్ అయ్యాక కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వకపోతే, ఆ పట్టణ మునిసిపాలిటీలో అతన్ని మరణాల రిజిస్టరులో ఎక్కించేస్తారు. సినిమా వాళ్ళకు ఇది పాత ఆచారమే. శవంగా పడుకున్నవాడు లేచి నవ్వాలి, ఆ నవ్వునూ కెమెరాలో పట్టాలి, లేకపోతే అరిష్టం అంటారు. మునిసిపాలిటీ చేసిందల్లా ఆ అరిష్టానికి ఒక ఫారం పెట్టడమే. ఫారం లేతాకుపచ్చ రంగులో ఉంటుంది. దాని నెత్తిన నాలుగో నిబంధన అచ్చు వేసి ఉంటుంది: "కెమెరా ఎదుట చలనం లేకుండా కనిపించి, పిదప నవ్వినట్టు ఆధారం చూపలేని వ్యక్తి మరణించినట్టే."

వీరబాబు ఆ లెక్కన పదకొండుసార్లు చనిపోయాడు. అన్నీ 'పేగుల పందిరి' అనే ఒక్క సినిమాలోనే. మూతపడిన రైసుమిల్లులో తొమ్మిది రోజుల్లో తీసిన ఆ సినిమాలో దెయ్యం పన్నెండుమందిని చంపుతుంది. నటుడు మాత్రం ఒక్కడే దొరికాడు. మీసం మార్చి, విగ్గు మార్చి, ఒకసారి చీర కట్టి, పన్నెండుమందీ వీరబాబే అయ్యాడు. దర్శకుడు ప్రకాశం దగ్గర ఉన్నది ఒకటే మెమరీ కార్డు. నవ్వులకు చోటు చాలదని అతను చావులు మాత్రమే తీశాడు. చివరి రోజు కార్డులో కాస్త జాగా మిగలడంతో పన్నెండో చావు తర్వాత నవ్వు కూడా తీశాడు. ఎడిటింగులో దాన్ని కత్తిరించడం మరిచిపోయాడు. అందువల్ల సినిమా ఆఖర్న, అరిటాకులో వడ్డించి ఉన్న తెగిన తల, ప్రేక్షకుల వైపు చూసి తీరిగ్గా నవ్వుతుంది.

పదకొండు మరణ ధ్రువపత్రాలనూ వీరబాబు లామినేషన్ చేయించుకున్నాడు. పెళ్ళిచూపుల్లో వాళ్ళమ్మ వాటిని పళ్ళెంలో పెట్టి తెచ్చింది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన జ్యోతిర్మయి ఒక్కొక్కటే తీసి, 'మరణ కారణం' అన్న గడి శ్రద్ధగా చదివింది. రంపం. రోకలి. బావి గిలక. ఇలాంటి పట్టుదల గల మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

పెళ్ళయిన పదిహేడో రోజున ఇద్దరూ కొత్త బట్టలు కట్టుకుని పెళ్ళి నమోదుకు మునిసిపాలిటీకి వెళ్ళారు. పుట్టుకలు, చావులు, పెళ్ళిళ్ళు ముగ్గురు మనుషుల పని. చూసేది మాత్రం ధనకోటి గారు ఒక్కరే.

"వరుడు లేడమ్మా," అన్నారాయన కంప్యూటరు చూస్తూ. "పదకొండు ఎంట్రీలున్నాయి."

"తెలుసండి," అంది జ్యోతిర్మయి. "బాగా చేశారు కదండీ?"

"చూసి చెప్పాలి."

మరణం రద్దు చేయాలంటే అధికారి సినిమా మొత్తం చూసి గుణదోష నివేదిక రాయాలి. ఆ మధ్యాహ్నం ఆఫీసు కిటికీలు మూసి సినిమా వేశారు. పక్క సెక్షన్ల వాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. జ్యోతిర్మయి అందరికీ మరమరాలు పంచింది. ప్రతి చావుకూ ముందు "ఇదీ మా ఆయనే" అని చెప్పింది.

ధనకోటి గారు నివేదిక పక్షపాతం లేకుండా రాశారు. రక్తం బెల్లం పాకంతో చేసినదైనా ఆగి ఆగి కారింది, మెచ్చదగినది. ఏడో శవానికి చీమలు పట్టాయి. శవానికి చీమలు సహజం కనుక దాన్నీ గుణంగానే రాయడమైనది. పేగులుగా వాడిన సైకిల్ ట్యూబులకు మైదా పూత చక్కగా కుదిరింది, ఒకచోట వాల్వు కనబడింది. లైట్లు లేక రాత్రి సన్నివేశాలన్నీ పట్టపగలు తీశారు. దెయ్యం ఎండకు తాళలేక గొడుగు వేసుకుని వచ్చింది. కథ వెతికినా దొరకలేదు. చావులు పదకొండూ నిర్దుష్టం.

ఇక్కడ ఆయన కలం పక్కన పెట్టి, లేచి, వీరబాబు చెయ్యి పట్టుకున్నారు. "ఇరవై రెండేళ్ళ సర్వీసు బాబూ నాది. ఇంత శుభ్రంగా పోయినోణ్ణి చూళ్ళేదు." వీరబాబు మెడ ఒక అంగుళం పొడుగైంది. జ్యోతిర్మయి మెడ రెండంగుళాలు.

చివరి వాక్యం మిగిలింది. 'దోషం: పన్నెండో శవం నవ్వినది. నవ్వు తేదీ తక్కిన చావుల తర్వాతది. కనుక ఇతడు బతికి ఉన్నాడు.'

సరిగ్గా అప్పుడే ప్రకాశం చెమటలు కక్కుతూ వచ్చాడు. సినిమాను విశాఖలో ఒక చిత్రోత్సవానికి తీసుకున్నారట, ఆ నవ్వు కత్తిరిస్తేనేనట.

"ఆ ఒక్కటీ తీసేత్తే మన బొమ్మకి వంక పెట్టేవోడు లేడు వీరబాబూ! ఇదిగో ఒప్పుదల కాగితం, సంతకం పెట్టు."

"తీసెయ్యొచ్చు," అన్నారు ధనకోటి గారు. "దోషం పోద్ది. పన్నెండో ఎంట్రీ పడద్ది. ఈ పెళ్ళి దరఖాస్తు వెనక్కి ఇచ్చేస్తాను."

వీరబాబు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "నా చావులన్నిట్లోకీ గొప్పది అదేనండి," అన్నాడు. "ఆ తల పెట్టడానికి బల్లకి కన్నం కోసి, కింద మూడు గంటలు గొంతుక్కూచున్నాను. మన ఊళ్ళో ఆడినప్పుడు ఆ నవ్వు దగ్గర హాలంతా ఈలలేశారు."

జ్యోతిర్మయి అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, పదకొండు చావులూ చూసి మీమీద గౌరవం కలిగింది. ఆ నవ్వు చూశాకే మా నాన్నకి సరేనన్నాను. అరిటాకులో తల పెట్టుకుని అంత తీరిగ్గా నవ్వేవాడు, ఇంట్లో కూర మాడితే కేకలేస్తాడా అనుకున్నాను."

"మాడిందా?"

"రెండుసార్లు. మీరు తినేశారు."

వీరబాబు సంతకం కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఉంచెయ్ అన్నా."

"చచ్చి సాధించేవోణ్ణి చూశాను గానీ, బతికి చెడగొట్టేవోణ్ణి నిన్నే చూశానురా," అని ప్రకాశం వెళ్ళిపోయాడు.

"వరుడి పని అయింది. ఇక వధువు," అన్నారు ధనకోటి గారు, పెళ్ళి వీడియో పెన్ డ్రైవ్ గుచ్చుతూ.

మూడు గంటల పాటు తెర మీద జ్యోతిర్మయి తల ఎత్తలేదు. చూపు మోకాళ్ళ మీద. చేతులు కదల్లేదు. ధనకోటి గారు లేతాకుపచ్చ ఫారం దగ్గరికి లాక్కున్నారు.

"పెళ్ళికూతుర్ని కదండీ, తల దించుకోమన్నారు."

"అందరికీ అదే చెబుతారమ్మా." ఆయన గోడవైపు చూపించారు. ఇనుప బీరువాలో, బీరువా మీద, పైకప్పు దాకా ఎర్రతాడుతో కట్టిన కట్టలు. చీటీ మీద 'వధువులు' అని ఉంది.

"వీళ్ళంతా ఇప్పుడు ఎక్కడున్నారండి?"

"ఇళ్ళల్లోనే. వంటా అదీ చేసుకుంటున్నారు. ఇంతవరకు ఎవరూ ఆక్షేపణ రాయలేదు."

తెర మీద తలంబ్రాలు మొదలయ్యాయి. ఒక బియ్యపుగింజ వీరబాబు చెవిలో దూరింది. అతను తల వంచి, ఒంటికాలి మీద గెంతాడు. జ్యోతిర్మయి తల ఎత్తి, పళ్ళన్నీ కనిపించేలా, సూటిగా కెమెరాలోకి నవ్వింది. వెనకనుంచి మేనత్త గొంతు వినిపించింది: "పళ్ళు మూసుకోవే, వీడియో తీస్తన్నారు!"

ధనకోటి గారు బొమ్మ ఆపి, సమయం రాసుకున్నారు. 'దోషం: వధువు నవ్వినది.' ముద్ర వేశారు.

రెండు దోషాలున్న ఆ పెళ్ళి పత్రాన్ని జ్యోతిర్మయి వరండాలోనే రెండుసార్లు పైకి చదివింది. బెంచీ మీద తర్వాతి జంట కూర్చుని ఉంది. అమ్మాయి గడ్డం ఇంకాస్త కిందికి ఉండేలా వాళ్ళత్తగారు వేలితో సర్దుతోంది. లోపల ధనకోటి గారు వాళ్ళ వీడియో ఇంకా పెట్టలేదు. లేతాకుపచ్చ ఫారం మాత్రం ముందే తీసి పెట్టుకున్నారు. చాలాసార్లు దానివల్ల సమయం కలిసొస్తుంది.