పైకెక్కడం కష్టంగా ఉంది

లిఫ్టులు అమర్చి, బాగుచేసే ఆ కంపెనీకి కబుర్లు మూడు దారుల్లో వచ్చేవి. ఫోనెత్తకపోతే మాటలు రికార్డరులో పడేవి. ఫ్యాక్సు కాగితాలు మిషన్లోంచి జారి బీరువా కిందికి దూరేవి. ఈమెయిళ్లు కంప్యూటర్లో పేరుకునేవి. మూడింటి చుట్టూ తిరగలేక మేనేజరమ్మకు ప్రాణం విసిగిపోయింది. ఆ ఉదయంతో ఈ బాధ వదిలిపోతుందని ఆమె ఆశ. అన్నీ ఒకే పెట్టెలో పడేలా చేయడానికి కంప్యూటరతను వచ్చి కూర్చున్నాడు. ఫోన్లో మాట్లాడి వదిలిన కబురు కూడా అక్షరాలై తెర మీద కనిపిస్తుందట.

"ఏ కబురొచ్చినా అందరికీ తెలియాలి," అన్నాడు యజమాని గదిలోంచి తల బయటపెట్టి.

అందరికీ అంటే ఆఫీసులో ఉన్నవాళ్లకని ఆయన ఉద్దేశం. కంప్యూటరతను మాత్రం ప్రతి కబురూ ఖాతాదారులందరికీ ఫ్యాక్సుగానో ఈమెయిలుగానో వెళ్లేలా కలిపేసి టీ తాగడానికి వెళ్లాడు.

కాసేపటికి మొదటి కబురు ఊడిపడింది. "పొద్దున్నుంచీ పైకెక్కడం కష్టంగా ఉంది. మధ్యలో ఆగాల్సి వస్తోంది. ఎడమ పక్క లాగుతోంది. పాతబడిపోలేదూ మరి. తొందరేం లేదు, తీరిగ్గా చూద్దాం."

ఇదేదో ముసలి లిఫ్టు గోల అనుకుంది మేనేజరమ్మ. కొత్తగా చేరిన మెకానిక్కును పిలిచింది.

"కింద నంబరుంది చూడు. ఫోన్ చేసి అడ్రసు కనుక్కుని వెళ్లు. ఎడమ పక్క లాగుతోందంటే తాడు సంగతి చూడు."

అతను వెళ్లాడో లేదో, ఫోన్లు మొదలయ్యాయి.

"మా లిఫ్టు ఆపేశామమ్మా," అన్నాడు ఒక అపార్టుమెంటు సెక్రటరీ. "పై అంతస్తు మామ్మగారు కూరగాయల సంచితో కిందే కూర్చున్నారు."

"మధ్యలో ఆగుతోందని మీరే ఫ్యాక్సు పంపితే ఎలాగండీ?" అన్నాడు హోటలాయన.

బట్టల దుకాణంవాళ్లు తామూ లిఫ్టు ఆపేశామని ఈమెయిలిచ్చారు. అదీ అందరికీ వెళ్లింది. ఒకరు ఆపారని చదివి ఇంకొకరు ఆపారు. యజమాని తల పట్టుకున్నాడు.

"మన కొంప మునిగేలా ఉంది. అసలా మొదటి కబురు ఎవరిదో చూడమ్మా."

అంతలో మెకానిక్కు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ లిఫ్టే లేదు. మేడ మీద ఇల్లు. మెట్ల మధ్యలో పెద్దాయనొకరు కూర్చుని ఉన్నారు. ఒళ్లంతా చెమటలు. ఎడమ చెయ్యి లాగుతోందంట. గ్యాసే, మా ఆవిడ ఆఫీసులో ఉంది, కంగారుపెట్టొద్దు అంటున్నారు. గోడల నిండా పావురాళ్ల బొమ్మలేసున్నాయి."

మేనేజరమ్మ చటుక్కున లేచింది. ఆ పావురాళ్లు డ్రాయింగు మాస్టారైన ఆమె భర్త వేసినవి. ఫోన్లో "ఇల్లు" అని పడే నంబరు అంకెల్లో ఎలా ఉంటుందో ఆమె ఏనాడూ చూసుకోలేదు.

"ఆయన మా ఆయనయ్యా. మన వ్యాన్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లు. నేనొస్తున్నా."

ఆమె చేరేసరికే వైద్యం మొదలైంది. సాయంత్రానికి మాస్టారు కళ్లు తెరిచారు.

"నీకు పనెక్కువని రికార్డరులో పెట్టాను," అన్నారు నెమ్మదిగా.

పాత రికార్డరులోనే పడి ఉంటే తాను ఎప్పటికి వినేదో తలుచుకుని ఆమె ఏడ్చేసింది. మెకానిక్కు చేతులు పట్టుకుని, "నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా," అంది. కంప్యూటరతనికి ఫోన్ చేసి, "నీ మేలు మరిచిపోను," అంది. తిడుతోందనుకుని అతను ఫోన్ కట్టేశాడు.

చివరికి డాక్టరు ముందు చేతులు జోడించింది.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదండీ."

"ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదమ్మా," అన్నాడు డాక్టరు. "మీ మెకానిక్కూ మా వాళ్లూ ఆయన్ని పై అంతస్తుదాకా మెట్ల మీద మోసుకొచ్చారు. పొద్దున మీ ఫ్యాక్సు చూసి మేమూ లిఫ్టు ఆపేశాం. రుణమంటున్నారు కాబట్టి, ముందు దాన్ని నడిపించండి."

మెకానిక్కు కిందికి దిగివెళ్లి, ఏ జబ్బూ లేని ఆ లిఫ్టుకు స్విచ్చి వేసి వచ్చాడు.