మీ గొంతు వినిపించండి

ఆ ఉదయం పెద్దక్క వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. సంగీతోత్సవానికి కుర్రకారంతా వస్తారు. గేటు పక్కన డేరా వేసి, బ్యానర్ కట్టి, వాళ్లను కార్మిక సంఘంలో చేర్పించాలి. హోటళ్లలో, షాపుల్లో, స్టేజీల దగ్గర పనిచేసేవాళ్ల సంఘానికి ఆవిడ కార్యదర్శి. సభ్యుల్లో జుట్టుకు రంగు వెయ్యనివాళ్లు లేరు. ఈసారీ కుర్రవాళ్లు చేరకపోతే యువజన విభాగాన్ని మూసేస్తామని కమిటీ తేల్చి చెప్పింది. పట్టుబట్టి దాన్ని పెట్టించింది పెద్దక్కే. మూస్తే తల కొట్టేసినట్టే.

బ్యానర్ పని మరిదికి అప్పగించింది. "పనిచోట మీ గొంతు వినిపించండి" అని రాయమంటే, గుడ్డ చాలలేదని మొదటి మాట ఎగరగొట్టేశాడు.

డేరా తెరిచారో లేదో, జనం బారులు తీరారు. పెద్దక్కకు కడుపు నిండిపోయింది. ముందుగా ఒక అమ్మాయి వచ్చి కూర్చుని గొంతు సవరించుకుంది.

"ఎక్కడ పనిచేస్తున్నావమ్మా?"

"బట్టల షాపులో ఆంటీ. మైకు లేదా?"

"మైకెందుకు? నీ బాధేంటో నాకు చెప్పు, చాలు."

"బాధా? సరే, విషాదమే అందుకుంటా," అని ఆ అమ్మాయి రాగం తీసింది.

పాపం, ఎంత అణచుకుంటే ఇలా బయటపడుతుందో అని పెద్దక్క కళ్లు తుడుచుకుంది. రెండోవాడు గిటారు తీసేసరికి మరిది చెవిలో గొణిగాడు.

"వదినా, వీళ్లు పాటల పోటీ అనుకుంటున్నారు."

"బ్యానర్ రాసిందెవరు?"

"గుడ్డ కొన్నదెవరు?"

నిజం చెబితే బారు కరిగిపోతుంది, విభాగం మూతబడుతుంది. చెప్పకపోతే మోసం. పెద్దక్క బల్ల ఎక్కింది.

"బాబూ, ఇది పోటీ కాదు, కార్మిక సంఘం. పాడతానంటే పాడండి, కానీ సినిమా పాటలు వద్దు. పనిలో మీరు పడే పాట్లే పాటగా కట్టండి."

బారులోంచి ఒక్కరూ కదల్లేదు. పైగా పెద్ద స్టేజీ ముందున్నవాళ్లు కూడా ఇటే వచ్చేశారు. అక్కడ గాయకుడు ఈగలు తోలుకుంటుంటే, నిర్వాహకుడు నిప్పులు తొక్కినట్టు వచ్చిపడ్డాడు.

"ఈ డేరా పీకేయండి. మన స్టేజీ కుర్రాళ్లేరి?"

"ఇక్కడే ఉన్నామండీ," అన్నారు వాళ్లు బారులోంచి. "మా వంతు అయ్యాక పీకుతాం."

వాళ్ల వంతు వచ్చింది. "పొద్దున్నించీ నిలబడ్డాం, కూర్చునే బల్ల ఏదయ్యా" అని ఎత్తుకుంటే, మైదానమంతా వంత పాడింది. "ఏదయ్యా" అన్నప్పుడల్లా అందరూ నిర్వాహకుడి వైపే చెయ్యి చూపించారు.

"ఏం కావాలమ్మా మీకు?" అన్నాడాయన నీరుగారిపోయి.

"వీళ్లకి కూర్చోడానికి బల్లలు, తినడానికి కాస్త టైము," అంది పెద్దక్క. "ఆ మాట మీ మైకులో మీరే చెప్పాలి."

చెప్పాడు. అన్ని చప్పట్లు ఆ రోజు ఏ గాయకుడికీ పడలేదు. స్టేజీ కుర్రాళ్లు కూర్చుని తిన్నారు, తిని లేచి సంఘంలో చేరారు. వాళ్ల వెనకే బారంతా చేరింది. పెద్దక్క గర్వం దాచుకోలేదు, దాచుకోవాలనీ అనుకోలేదు.

తర్వాతి సమావేశంలో, విభాగం మూసివేత తీర్మానాన్ని ముందే రాసుకొచ్చిన అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. కొత్త సభ్యులతో హాలు కిక్కిరిసి ఉంది.

"మా విభాగం గురించి అయితే పాడి చెప్పాలండి," అంది బట్టల షాపు అమ్మాయి.

ఆయన హాలంతా ఒకసారి చూసి, కాగితం జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. శ్రుతి కుదరనందున తీర్మానం వాయిదా పడిందని మినిట్స్‌లో రాశారు.