ఇద్దరు పాలెగాళ్ళు, ఒక సవరం

సోమవారం పొద్దున కోమలి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మిగిలినవి ఎనిమిది పేజీలు. చేతిలో ఉన్నవి నాలుగు రోజులు. రోజుకు రెండు పేజీల చొప్పున గీస్తే, శుక్రవారం మద్రాసు నుంచి ప్రచురణకర్త రఘునాథ్ వచ్చేసరికి తొంభై ఆరు పేజీల బొమ్మల నవల మొత్తం సిరా ఆరి, గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంటుంది.

ఆ నవల వెనక ఆరేళ్ళున్నాయి. చంద్రగిరి పక్కన పల్లె బడిలో పదో తరగతి దాకా చదివిన కోమలి మొదట వారపత్రికల్లో వేరేవాళ్ళ కథలకు బొమ్మలు వేసింది. కొన్నాళ్ళకు, కథ కూడా తనదే అయితే బాగుంటుందనిపించింది. ఇద్దరు పాలెగాళ్ళ పగను గడులు గడులుగా గీయడం మొదలుపెట్టింది. అయితే ఆమెకొక ఇబ్బంది ఉంది. కళ్ళతో చూడనిదాన్ని ఆమె చెయ్యి గీయదు. కోటను కోట ముందు కూర్చునే గీసింది. మనుషులను ఇంట్లోంచే తీసుకుంది.

నాయన కుప్పయ్య మంచి పాలెగాడు. ఊళ్ళో సిగముడి మిగిలినవాడు ఆయనొక్కడే. మేనమామ మునస్వామి చెడ్డ పాలెగాడు. ఆయనవి చెవుల మీదికి దిగే ఉంగరాల జుట్టు, గుబురు మీసాలు. నాయన తల్లి, అవ్వ గంగులమ్మ తెల్లటి జుట్టు విరబోసుకుంటే శాపాలు పెట్టే ముసలమ్మ. పుస్తకం నలుపు తెలుపుల్లోనే కాబట్టి రెండు సైన్యాలకు వేరు వేరు రంగులు వేయడానికి వీల్లేదు. అందుకని కోమలి నాయన మనుషులందరికీ సిగలు పెట్టింది, మామ మనుషులందరికీ ఉంగరాల జుట్టు పెట్టింది. ఎనభై ఎనిమిది పేజీల పాటు ఎవరు ఎవరి పక్షమో తల చూస్తే తెలిసిపోయేది. మిగిలిన ఎనిమిది పేజీలూ యుద్ధమే.

శనివారం రఘునాథ్ జాబు వచ్చినప్పుడు కోమలి దాన్ని ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది. మామ కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మీ పుస్తకం మేము వేస్తున్నాం అన్నది మొదటి వాక్యం. శుక్రవారానికి పేజీలు అందకపోతే అచ్చు యంత్రం క్యాలెండర్ల పనికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఏడాది దాకా చూడలేం అన్నది రెండోది. మొదటి వాక్యం అందరూ విన్నారు. రెండోది కోమలి ఒక్కతే విన్నది.

సోమవారం పొద్దున ఏడింటికి పంచలో చాప పరిచి, సిరా బుడ్డి తీసి, ఆమె నాయన కోసం చూసింది. మంచం ఖాళీగా ఉంది.

"నాయన యాడికి పోయినాడమ్మా?"

"ఎరువుకని సెప్పి మొదటి బస్సుకు పోయినాడు" అన్నది భారతమ్మ, పాలు కాస్తూ. "ఎరువుకు కొత్త పంచె ఏంటికో నాకు తెల్దు."

కుప్పయ్య చీకటి పడే ముందు తిరిగొచ్చాడు. నున్నటి గుండు, దాని మీద గంధం, చేతిలో లడ్డూల పొట్లం. మీసాలు కూడా లేవు. వీధి కుక్క ఆయన్ని చూసి మొరిగింది.

"ఏంది నాయనా ఇది?"

"మొక్కుమ్మే. నీ పుస్తకం అచ్చుకు పోతాదని తెలిసిన్నాడు తలనీలాలు ఇస్తానని ఆరేండ్ల కిందనే మొక్కినా. తెలిసె. పోయినా."

"ఇంకా ఎనిమిది పేజీలు ఉండాయి కదా నాయనా. ముందర ఒక్క మాట సెప్పింటే ఆపుండేదాన్ని."

"అందుకే సెప్పలా" అన్నాడు కుప్పయ్య, లడ్డూ తుంచి ఆమె చేతిలో పెడుతూ. "అలిపిరి కాడి నుంచి నడిచే పోయినా. మోకాళ్ళు పట్టుకున్నాయి గానీ, ఎక్కినన్ని మెట్లూ మా పాప పుస్తకం అనుకుంటానే ఎక్కినా."

అంత మాటన్నవాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. కోమలి లడ్డూ తినేసి, పథకం మార్చుకుంది. ముందు మామ ఉన్న గడులు గీయాలి. నాయన సిగను పాత పేజీలు చూసి ఎలాగో దింపుకోవచ్చు.

మంగళవారం మునస్వామి తలకు తుండు చుట్టుకొని వచ్చాడు. వెనకే అవ్వ, కొంగు నెత్తి మీద నుంచి గడ్డం దాకా కప్పుకొని. రెండు రోజులుగా ఆమె మునస్వామి ఇంట్లోనే ఉంది.

"తుండు తీయి మామా. జుట్టు మింద ఎండ పడాల."

"తుండుతోనే గీసేయి పాపా. పాలెగాళ్ళకు తలగుడ్డ ఉండదా ఏమి?"

"ఎనభై ఎనిమిది పేజీల్లో లేదు మామా."

మునస్వామి అవ్వవైపు చూశాడు. అవ్వ గోడవైపు చూసింది. ఆయన తుండు విప్పాడు. తర్వాత, ఒక్కడే దోషిగా నిలబడడం ఇష్టం లేక, "నువ్వూ తీ అత్తా" అన్నాడు. గంగులమ్మ కొంగు దించింది. పంచలో రెండు గుండ్లు, గుమ్మంలో మూడోది.

"వాణ్ణేం అనొద్దుమ్మే" అన్నది అవ్వ. "నా మొక్కుకు తోడు రమ్మన్నా. ఆడికి పోయినాక వాడూ కత్తి ముందర కూసున్నాడు. అడిగితే నాకూ మొక్కుండాదంటాడు."

భారతమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. "పల్లెలో ఆడపిల్లకు బొమ్మలేంటికి, కుట్టుమిషను నేర్పీ అన్నోడివి నువ్వు. నీకేం మొక్కురా?"

"అన్నాక మనసు బాగలేదక్కా" అన్నాడు మునస్వామి నేల చూస్తూ. "అదే దినం మొక్కినా."

కుప్పయ్య బావమరిది గుండును తేరిపార చూశాడు. "సోమారం కల్యాణకట్టలో నా పక్కన కూసోని, కాళ్ళు సాపుకోవద్దన్నా అని కసిరినోడు నువ్వేనా?"

"ఆ కాళ్ళు నీవేనా బావా? గుండైనాక ఎవురు ఎవురో ఎట్ల తెలుస్తాది?"

కోమలి పాత పేజీలు చూసీ, జ్ఞాపకం మీదా గీయాలని చూసింది. నాయన సిగ నెత్తిన వంకాయ పెట్టినట్టు వచ్చింది. మామ ఉంగరాల జుట్టు గడ్డివామిలా వచ్చింది. ఆరేళ్ళ పుస్తకం చివర అలాంటి పేజీలు పెట్టడం కంటే ఆపేయడం నయమనిపించింది. సాయంత్రానికి ఆమె ముందు ఎనిమిది తెల్లకాగితాలు అలాగే ఉన్నాయి.

బుధవారం పొద్దున భారతమ్మ పక్కింటి పంకజాక్షి దగ్గర సవరం అడిగి తెచ్చింది. మూరన్నర పొడుగు, నల్లటి నలుపు. దాన్ని చుట్టి దారంతో కడితే కుప్పయ్య నెత్తిన సిగ అయింది. విప్పి పరిస్తే మునస్వామి నెత్తిన, దూరం నుంచి, జుట్టులాగే ఉంది. పంకజాక్షి తలనూనె వాసనకు మునస్వామి రెండుసార్లు తుమ్మాడు. రెండుసార్లూ జుట్టు ఒళ్ళో పడింది. అయినా తొలి గడి కుదిరింది.

రెండో గడిలో పాలెగాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడాలి.

"నాకియ్యి బావా, ఇప్పుడు కత్తి దూసేది నేను."

"నువ్వు దూస్తే నేను బోడితలతో సూస్తా నిలబడాల్నా?"

"ఇద్దురూ సెరొక పక్క పట్టుకోండి" అన్నది అవ్వ.

సవరం ఈ తలకూ ఆ తలకూ తిరుగుతూ ఉంది. ప్రతిసారీ దారం విప్పి కట్టాలి. ఇంతలో పంకజాక్షి పట్టుచీర కట్టుకొని గేటు దగ్గరికి వచ్చింది. నగరిలో పెళ్ళికి పోతున్నానని, బస్సు వచ్చేస్తోందని, తన సవరం తనకు కావాలని చెప్పింది. చెడ్డ పాలెగాడి నెత్తి మీది నుంచి తనే విప్పుకొని, దులిపి, జడలో పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

సైనికులైనా ఉన్నారు కదా అనుకుంది కోమలి. వెనక వరసల్లో నిలబడడానికి ఊళ్ళో పదకొండు మందిని పిలిచి ఉంచింది. టీ బంకు గిరిప్రసాద్ వాళ్ళకు నాయకుడు. పదిగంటలకు ఇంటి ముందు జీపు ఆగింది. ఒకరి వెనక ఒకరు పదకొండు మంది దిగారు. ఎండకు పదకొండు తలలూ తళతళలాడాయి.

"మీ నాయన ఒక్కడికేనా అభిమానం?" అన్నాడు గిరిప్రసాద్ గర్వంగా. "మనూరి పేరు పుస్తకంలో పడతా ఉంటే మేము ఊరికే ఉంటామా కోమలీ? నిన్ననే అందరం పోయి ఇచ్చేసినాం. ఇప్పుడే కొండ దిగొస్తా ఉండాం."

కోమలి మెట్టు మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని అందరూ భయపడ్డారు. ఆమె ఏడవలేదు. అలవాటు కొద్దీ చూస్తూ ఉంది. గిరిప్రసాద్ తల వెనక రెండు సుడులున్నాయి. అవ్వ తల చిన్నపిల్ల తలలా గుండ్రంగా ఉంది. నాయన నడినెత్తిన జానెడు మచ్చ. ఇరవై ఆరేళ్ళుగా ఆయన్ని చూస్తున్నా, ఆ మచ్చ ఉందని ఆమెకు తెలియదు.

భారతమ్మ వాకిట్లో నిలబడి అందరినీ ఒకసారి చూసింది. ఆమెకూ మొక్కు ఉంది గానీ, అది జడ కొసన మూడు కత్తెర్లు ఇస్తే తీరేది కాబట్టి జడ మిగిలింది.

"వీళ్ళను గీస్తే ఎవురు ఏ పక్కనో ఎట్ల తెలుస్తాదిమ్మే?"

"తెలీదమ్మా" అన్నది కోమలి. ఆ మాట అన్నాక, తను అన్నదేమిటో తనే మళ్ళీ ఒకసారి ఆలోచించుకుంది. తర్వాత లేచి సిరా బుడ్డి అందుకుంది.

కొత్త పేజీల్లో, యుద్ధానికి ముందు రోజు ఇద్దరు పాలెగాళ్ళూ, ఒకరికి తెలియకుండా ఒకరు, గెలవాలని మొక్కి కొండెక్కారు. నాయకులు ఇచ్చారని సైన్యాలూ తలనీలాలు ఇచ్చాయి. తెల్లవారి బయలులో అందరూ కత్తులెత్తారు. ఎవరిని నరకాలో ఎవరికీ తెలియలేదు. నువ్వు ఎవరి మనిషివి అని అడుగుతూ తిరిగేసరికి ఎండెక్కింది. ఎత్తిన చేతులు నొప్పి పుట్టి, ఒక్కొక్కరే కత్తులు దించి కూర్చున్నారు.

రెండు రోజులు ఆ పదకొండు మందీ, ఇద్దరు పాలెగాళ్ళూ, అవ్వా పంచలో ఎండకు మాడుతూ కదలకుండా కూర్చున్నారు. గురువారం సాయంత్రానికి ఎనిమిదో పేజీ సిరా ఆరింది. కుప్పయ్య తన బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఈ మచ్చ మోటబావి కాడ పడినప్పటిది. సిన్నప్పుడు. నా తలకాయ ఇట్లుంటాదని నాకే తెల్దు" అని, ఆ పేజీని అవ్వ దగ్గరికి తీసుకుపోయి చూపించాడు.

శుక్రవారం రఘునాథ్ బస్సు దిగాడు. టీ బంకులో గుండు. దారి చెప్పినవాళ్ళవి గుండ్లు. ఇంటి ముందు ఇద్దరు పెద్దమనుషులవీ, ముసలావిడదీ గుండ్లే. ఆయన ముఖం పాలిపోయింది. చెప్పులు విప్పి, మంచం చివర ఒదిగి కూర్చుని, మెల్లగా అడిగాడు.

"ఎప్పుడు జరిగిందండీ?"

"సోమారం సార్" అన్నాడు కుప్పయ్య.

"ఏమైనా బాధ పడ్డారా?"

"లేదు సార్. కత్తి పదునుగా ఉండాది. రెండే నిమిషాలు."

రఘునాథ్ లేచి నిలబడ్డాడు. "ఇలాంటప్పుడు పేజీలు అడగడం న్యాయం కాదు. ఈ ఏడాదికి పుస్తకం సంగతి వదిలేయండి. నేను వస్తాను."

ఏడాది అన్న మాట వినగానే, ఎక్కువ మాట్లాడే అలవాటు లేని కోమలి గుడ్డమూట విప్పి ఆఖరి ఎనిమిది పేజీలు ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన మొహమాటానికి మొదటి పేజీ చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూసి తలెత్తి కుప్పయ్య నడినెత్తి చూశాడు. ఐదో పేజీకి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఎనిమిదో పేజీ అయ్యాక అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుకో, మరి దేనికో ఎవరికీ తెలియలేదు.

"మీరు ముందు రాసి పంపిన ముగింపులో ఇరవై మంది చచ్చిపోతారు" అన్నాడు. "అది ఎవరైనా గీస్తారు. ఇది మీరు తప్ప ఎవరూ గీయలేరమ్మా. అట్ట మీద కూడా ఈ తలలే వేస్తాం. ఇంకో పుస్తకం మొదలుపెట్టండి, అదీ మాకే ఇవ్వాలి."

కుప్పయ్య ఎవరికీ చెప్పలేదు. వెంట వచ్చిన గిరిప్రసాద్ టీ బంకులో చెప్పాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. తమ తలలు పుస్తకంలో లేనివాళ్ళు చాలా నొచ్చుకున్నారు. మర్నాడు మొదటి బస్సులో పదహారు మంది అలిపిరికి టిక్కెట్లు తీసుకున్నారు. ఇంతమంది ఎందుకని కండక్టర్ అడిగితే, రెండో పుస్తకంలో పాత్రల కోసం అని చెప్పారు.

ఆ పుస్తకంలో అందరికీ నడుము దాకా జుట్టుంటుందని కోమలి ఇంకా ఎవరికీ చెప్పలేదు.