వాన మిషనుకు అభిషేకం

తమ పాలనలో కరువు అనే మాట రికార్డుల్లో కనబడదని మంత్రి ఉమామహేశ్వర గారు ప్రకటించారు. అంత పెద్దమనిషి మాటిచ్చాక కరువుకు ఇంకేం మర్యాద మిగిలింది? కోయిలకుంట్ల పక్కన చిన్నగుండాలలో బసమ్మ కంది చేను మాత్రం ఆ ప్రకటన వినిపించుకోకుండా నిలువునా ఎండింది. ఊరిని కరువు లిస్టులో రాస్తే పరిహారం వస్తుంది, మళ్లీ విత్తనం కొనుక్కోవచ్చు. బసమ్మకున్న ఆశ అదొక్కటే.

అందుకే ఊళ్లో వాన కొలిచే మిషను పెడుతున్నారంటే పోయి ముందు వరుసలో కూర్చుంది. మంత్రిగారే వచ్చారు. కొత్త మోటారుసైకిలుకే పసుపు కుంకుమ పెడతామే, ఇంత పెద్ద మిషనుకు పెట్టకపోతే ఎట్లా? బొట్టు పెట్టి, టెంకాయ కొట్టి, మంత్రాలయం నుంచి తెప్పించిన తుంగభద్ర నీళ్లు బిందెడు పైనుంచి పోశారు. మిషను బుద్ధిగా కొలిచి అమరావతికి పంపింది: తొంభై మిల్లీమీటర్ల వాన.

"సార్, అది వాన కాదు, మీరు పోసిన నీళ్లు," అంది సైంటిస్టు శ్రావణి.

"ఏమ్మా, మిషను అబద్ధం చెప్తాందా?"

"లేదు సార్."

"అయితే నేను చెప్తాండానా?"

ఒక్కరోజు లెక్క సైన్సు కాదని, మళ్లీ మళ్లీ కొలిచినా అదే రావాలని ఆమె గొణిగింది. సైన్సంటే మంత్రిగారికి మహా గౌరవం. శుక్రవారం శుక్రవారం అభిషేకం చేయమని ఆర్డరేశారు. ప్రతి శుక్రవారమూ తొంభయ్యే వచ్చింది. శ్రావణి మాత్రం రిపోర్టులో 'వాన: సున్నా' అని రాసింది. నీళ్లు చూసి ఎరగని పిల్ల అని జాలిపడి, ఆమెను సముద్రం ఒడ్డుకు బదిలీ చేశారు. రిపోర్టు తిరగరాయించి, శుక్రవారాలు అభిషేకం చేసే పూజారి జయకుమార్ చేత సాంకేతిక సలహాదారు హోదాలో సంతకం పెట్టించారు.

లిస్టు వచ్చింది. వ్యవసాయ శాఖ గురప్ప ఫోను పట్టుకుని చేనికొచ్చాడు.

"మా ఊరు కరువు లిస్టులో యాడుండాదప్పా?" అంది బసమ్మ.

"కరువేందవ్వా? మనూరు అతివృష్టి లిస్టులో ఉండాది. పరిహారం దాంట్లోనే. ఫోటో తీయాల, చేన్లో నిలబడు. చీర రోంత పైకి పట్టుకో."

"ఎందుకప్పా?"

"నీళ్లల్లో ఉండావు కదవ్వా."

చెయ్యి దూరేంతగా పగిలిన నేల వైపు చూసింది బసమ్మ.

"ఎంత లోతుండాయప్పా?"

"మోకాళ్ల దాకా అని రాసినాం."

బసమ్మ చీర మోకాళ్ల మీదికి ఎత్తి పట్టుకుంది. కాలు జారకుండా చూసుకుంటూ, ఆ దుమ్ములో ఒక్కొక్క అడుగే ముందుకు వేసింది.