పంపుగది ఘటన పంపిణీ కమిటీ

మానవజాతి కరెంటును కనిపెట్టి చాలాకాలమైంది. ఆ కరెంటు పుట్టించాల్సిన మనిషి గుణం కనిపెట్టే పద్ధతి మాత్రం మా సియాముంగా జలవిద్యుత్ కేంద్రానికి గత ఏప్రిల్‌లోనే వచ్చింది.

రాజధాని లుసాకాలోని హెడ్డాఫీసు ఉత్తర్వు ప్రకారం, దినకూలీలను పర్మినెంటు చేసేటప్పుడు ఇక మీదట "పని వచ్చా?" అని అడగరాదు. (పని వచ్చినవాళ్లు వచ్చనే చెబుతారు. రానివాళ్లకు అది అన్యాయం.) "ఒత్తిడిలో మీరెలా ప్రవర్తించారో ఒక నిజ సంఘటనతో చెప్పండి" అని మాత్రమే అడగాలి. నెగ్గినవాళ్లకు ఉద్యోగం. నెగ్గనివాళ్లు నెలాఖరుకల్లా గేటు పాసు అప్పగించి ఇంటికెళ్లాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. జలాశయంలో నీళ్లు అడుగంటి ఏళ్లయింది. కేంద్రం రోజుకు మూడు గంటలు తిరిగి, మిగతా సమయమంతా విశ్రాంతి తీసుకుంటుంది. అలాంటి చోట సంఘటనలెలా జరుగుతాయండీ? గుర్తున్నంతలో జరిగింది ఒక్కటే. రెండేళ్ల కిందట పంపుగదిలో గొట్టం పగిలి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి, వాల్వు మూస్తే ఆగాయి. సంఘటన ఒకటి, అభ్యర్థులు ఇరవై ముగ్గురు.

రిటైరైన హెడ్మాస్టర్ని కాబట్టి అందరూ నా దగ్గరికే వచ్చారు. నేను పంపుగది ఘటన పంపిణీ కమిటీ స్థాపించి, దానికి అధ్యక్షుడిగా నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నాను. మంగళవారం పొద్దున పది గంటలకు బడి వరండాలో పంపిణీ. మూడో నియమం ప్రకారం, సమయానికి రానివాళ్లకు మిగిలిందే దక్కుతుంది.

నీళ్ల చప్పుడు మొదట విన్న ఘనత నలుగురికి పంచాం. క్యాంటీన్‌లో న్షిమా, అదే మొక్కజొన్న ముద్ద, వండే ఆడవాళ్లకు "జట్టులో ధైర్యం నింపడం" ఇచ్చాం. ఒకాయన బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చిన వాటా కావాలని పట్టుబట్టాడు. నీళ్లు నిండిన గదిలోకి నీళ్లెందుకయ్యా అని ఎవరూ అడగలేదు. చొరవకు వేరే మార్కులున్నాయి మరి. అన్నిటికన్నా గొప్ప వాటా, అంటే వాల్వు మూయడం, స్టోరులో చేతితొడుగులు ఇచ్చే ఫిడెలిస్ హచిలాలాకు దక్కింది. ఆ రోజు అతను చోమాలో పెళ్లికి వెళ్లాడనుకోండి. కానీ గొంతు గంభీరంగా ఉంటుంది, పైగా సూటుంది.

పన్నెండింటికి ముతింతా వచ్చింది, తడి గంబూట్లతో. తొమ్మిదేళ్లుగా దినకూలీగా ఆ పంపుగదిని చూసుకుంటున్నది ఆమే.

"మాస్టారూ, నా వాటా ఏంటి?"

"పై అధికారికి ఫోన్ చేయడం మిగిలిందమ్మా. మంచి వాటానే."

"అదేంటి మాస్టారూ! వాల్వు మూసింది నేను కదా! చేతులు బొబ్బలెక్కితే మీ ఇంటావిడే నూనె రాసింది!"

"రాసింది తల్లీ, కాదనను. మరి మీటింగుకి రాలేదుగా?"

"డ్యూటీలో ఉన్నాను!"

"మినిట్సులో అదే రాశాం. గైర్హాజరు, కారణం పని."

ముతింతా నన్ను ఎగాదిగా చూసింది. "ఆ వాల్వు చక్రాన్ని బిగించినోళ్లు ఎదురు మరతో బిగించి పోయారు. అన్నిటిలా కుడికి కాదు, ఎడమకి తిప్పితేనే మూసుకుంటుంది. మీ ఫిడెలిస్‌కి తెలుసా ఆ సంగతి?"

"ఇంటర్వ్యూలో దిక్కులడగరమ్మా," అన్నాను.

శిక్షణ మూడు వారాలు. అన్నిటికన్నా కష్టమైన పాఠం "నేను" అనడం. మావాళ్లు గొడుగు పోగొట్టుకున్నా "పోగొట్టుకున్నాం" అనే చెబుతారు. "నేను" అంటే పెద్దలు తలంటుతారు. ముప్పై ఏళ్లు బెత్తం పట్టుకుని పిల్లల చేత "మేము" అనిపించిన నేనే, ఇప్పుడు అదే పిల్లల చేత "నేనే విన్నాను, నేనే తెచ్చాను" అని కోరస్‌గా చెప్పించాను.

ఇంటర్వ్యూ గది తలుపు సరిగా పడదు. అందువల్ల పరమ రహస్యంగా జరిగిన ముతింతా ఇంటర్వ్యూ అంతా బయట బెంచీ మీద నుంచి విన్నాను. అడుగుతున్నది శ్రీమతి లుబిండా, ప్రవర్తనా విభాగం ఉప అధిపతి.

"నేను ఫోన్ చేశాను మేడమ్," అని మొదలెట్టి ముతింతా ఆగిపోయింది. "కాదు మేడమ్, ఇది నా వల్ల కాదు. వాల్వు మూసింది నేను."

"సంతోషం. కానీ వాల్వు మూసినాయన్ని నిన్ననే తీసుకున్నాం కదమ్మా. మళ్లీ ఇంకొకరా?"

"పంపుగదికి రండి మేడమ్. అయిదు నిమిషాల్లో చేసి చూపిస్తాను."

"చేసి చూపించడం ఈ విధానంలో లేదమ్మా."

ఫలితాల కాగితంలో ముతింతా పేరు పక్కన ఇలా రాశారు: "ఇతరుల విజయాన్ని తనదని చెప్పుకునే స్వభావం." నాకు నిజంగా సిగ్గేసింది. (మినిట్సులో రాయలేదు.) నెలాఖరున ఆమె గంబూట్లు కడిగి, గేటు పాసుతో పాటు అప్పగించి వచ్చేసింది.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. జలాశయం నిండింది, యంత్రాలు రోజంతా తిరిగాయి, అలవాటు లేని గొట్టం జనవరిలో మళ్లీ పగిలింది. ఆ మధ్యాహ్నం ముతింతా మా వాకిట్లో మా ఆవిడతో కలిసి కపెంటా చేపలు ఎండబెడుతోంది. ఆమె ఫోన్ మోగింది. చేపల చేత్తోనే స్పీకర్ నొక్కింది.

"అక్కా, ఫిడెలిస్‌ని! నీళ్లు నడుందాకా వచ్చాయి. తిప్పేకొద్దీ ఎక్కువవుతున్నాయేంటక్కా?"

"ఎటు తిప్పుతున్నావురా?"

"కుడికి."

"ఓరి నీ దుంపతెగ! ఎడమకి తిప్పు, ఎడమకి!"

"చక్రం మునిగిపోయిందక్కా. నేను మెట్లెక్కేశా."

ముతింతా చేపలన్నీ అక్కడే పడేసి పరిగెత్తింది. వెనకాలే రొప్పుకుంటూ నేనూ వెళ్లాను. గేటు దగ్గర కాపలా మనిషి ఆపేశాడు. అతను ఈమధ్యే చేరిన దినకూలీ. "పాసు లేనిదే పంపను," అన్నాడు.

"నాకు దారి కళ్లు మూసుకున్నా తెలుసయ్యా! మునిగినా తిప్పగలను, వదులు!" అని కడ్డీలు పట్టుకుని ఏడ్చింది. అతను వదల్లేదు. లోపలివాళ్లంతా క్షేమంగా బయటికొచ్చారు. యంత్రాలు మాత్రం రాలేకపోయాయి. ఊళ్లో కరెంటు పోయింది. అనుభవం ఉన్న ఊరు కాబట్టి ఎవరూ కంగారుపడలేదు.

మళ్లీ ఖాళీలు ప్రకటించారు. కమిటీ కొత్త రిజిస్టరు తెరిచింది. ఈసారి ఘటన పెద్దది, అందరికీ సరిపోతుంది. పంపిణీ రోజు తెల్లారకముందే ముతింతా వచ్చి ముందు వరసలో కూర్చుంది.

"ఏ వాటా కావాలమ్మా?" అన్నాను.

"నిజంగా జరిగింది రాయండి మాస్టారూ. గేటు దగ్గరి సంగతి."

రాద్దామని పెన్ను తీశాను. కానీ ఆ గేటు వాటాను కాపలా మనిషి ముందురోజే మా ఇంటికొచ్చి రాయించుకుపోయాడు: "ఎంత ఒత్తిడిలోనూ నియమం తప్పలేదు." మా కమిటీ చరిత్రలో అక్షరాలా నిజమైన వాటా అదొక్కటే. అతనికి ఉద్యోగం ఖాయం.