దిగులు లేని కాలేజీ

డిప్రెషన్‌కు మందు సైకాలజిస్టుల దగ్గర లేదండీ, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఉంది! నమ్మరా? ఆత్మకూరులో మా ఆడపిల్లల కాలేజీకి వచ్చి చూడండి.

అక్కడ మానసికోల్లాస కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే. అర్హత ఏమిటంటారా? నాకు ఇద్దరూ మగపిల్లలే. కాబట్టి ఆడపిల్లల విషయంలో నాకు ఏ పక్షపాతమూ లేదు!

పోయిన ఏడాది సదస్సు పెట్టాం. నాలుగు వందల మందిని రేకుల షెడ్డులో కూర్చోబెట్టి, ఒత్తిడి లేకుండా బతకడం ఎలాగో మూడు గంటలు చెప్పాను. లేస్తే అటెండెన్స్ కట్ అన్నాం. ఒక్కరూ లేవలేదు. అంతటి ప్రశాంతత మీరెక్కడైనా చూశారా? నాకు శాలువా కప్పారు. అంత ఉక్కలోనూ నేను దాన్ని తీయలేదు.

చివర్లో ఫారాలు, పెన్సిళ్ళు పంచాం. మనసు బాగోలేనివాళ్ళు టిక్ పెట్టండి, వివరాలు బయటికి పోవు అని చెప్పాం. ఒకే ఒక్క టిక్ వచ్చింది. సీతారామపురం నుంచి రోజూ బస్సులో వచ్చే షైనీ, సెకండియర్. "రెండు నెలలుగా నిద్ర లేదు. ఎవరితోనైనా మాట్లాడాలి" అని కింద రాసింది.

అంత ధైర్యవంతురాలిని ఊరికే వదిలేస్తామా? ఫారం ఫొటో తీసి, "ఈ బిడ్డ కోసం ప్రార్థించండి" అని పేరెంట్స్ గ్రూపులో పెట్టేశాం. బయటికి పోదన్నారు కదా అంటారా? గ్రూపులో ఉన్నదంతా మనవాళ్ళే కదండీ! సాయంత్రానికి మూడు వందల దండాల ఎమోజీలు! ఏ డాక్టరు తేగలడు?

మర్నాడు వాళ్ళ నాయన దయాసాగర్ వచ్చాడు.

"మా బిడ్డకి మతి చెడిందని ఊరంతా అంటా ఉండారు సార్. చదివింది చాల్లే, టీసీ ఇయ్యండి."

ఇచ్చేశాం. షైనీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"ఎవురితోనన్నా మాట్లాడాలన్నాను సార్, అంతేగదా నేనడిగింది!" అంది.

పాపం, ఒత్తిడిలో ఉంది. ఆమెతో మాట్లాడడానికి మాకు టైము లేదు, సదస్సు రిపోర్టు పంపాలి.

ఫలితం చూడండి! ఈ ఏడాది మళ్ళీ ఫారాలు పంచితే ఒక్క టిక్ లేదు. సున్నా! 'దిగులు లేని కాలేజీ' అని గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టాం.

చిన్న లోపం ఒకటి ఉంది. ముప్పై ఏడు ఫారాల్లో, టిక్ పెట్టే గడిలో పెన్సిల్‌తో ఏదో గీసి, మళ్ళీ రబ్బరుతో గట్టిగా రుద్దేసినట్టు కాగితం చిరిగిపోయి ఉంది. వచ్చే ఏడాది మందపాటి కాగితం కొనాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.